మీ ప్రశ్నలు, అక్క జవాబులు: దాంతో ఏమొస్తుంది?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకటే గొడవ. ఇంట్లో ఒకరికి ఏదో ఒకదాని మీద ఇష్టం ఉంటుంది, పక్కనే ఇంకొకరు "దాంతో ఏమొస్తుంది?" అంటారు. ఆ ప్రశ్న మీద నాకేం కోపం లేదు, కరువులు చూసిన సీమ మనది, ప్రతి రూపాయి ప్రతి గంట లెక్క చూసుకునే మన పెద్దోళ్ళు సంసారాలు ఈదినారు. కానీ ఆ ప్రశ్న ఇంట్లో అందర్నీ ఒకేలా అడగరు కదా, నాకు బాధ అక్కడ. మగపిల్లోడు పొద్దస్తమానం గ్రౌండ్‌లో ఉంటే ఆట, ఆడపిల్ల గంట పోతే తిరుగుడు. సరే, ఒక్కో ఉత్తరం చూద్దాం, కొన్ని పెద్దగా ఉంటే కుదించినాను, ఏమనుకోవద్దు.

ప్రశ్న: అక్కా, మాది కర్నూలు. మా ఆయన చిన్న ఎలక్ట్రికల్ షాపు పెట్టుకున్నాడు, మంచి మనిషి, తాగుడు లేదు ఏమీ లేదు. కానీ తొలకరి వాన పడిందంటే చాలు షాపు మూసి జొన్నగిరి, తుగ్గలి వైపు పోతాడు, వజ్రాలు వెతకడానికి. పోతే నాలుగైదు రోజులు రాడు. ఇప్పుడు మా పెద్దోడు కూడా నేనూ వస్తా నాయనా అని మొదలుపెట్టినాడు, వాడు ఎనిమిదో తరగతి. చుట్టాలంతా నవ్వుతాండారు. ఆపేదెట్లా?

జవాబు: ముందు ఒకటి చెప్తా తల్లీ, ఇది ఉత్త పిచ్చి అని మాత్రం అనొద్దు. ఆ నేలలో వజ్రాలు దొరికేది నిజం. వజ్రకరూరు చుట్టుపక్కల కింబర్లైట్ అనే రాయి ఉంది, నూటాయాభై కిలోమీటర్ల కంటే లోతు నుంచి ఎప్పుడో 110 కోట్ల ఏళ్ళ కిందట లావా పైకి తన్నుకొచ్చినప్పుడు ఆ రాయితో పాటే వజ్రాలు కూడా పైకొచ్చాయి. తర్వాత కొండలు అరిగి, వాగులు పారి, ఆ రాళ్ళు చేలల్లో చెల్లాచెదురైనాయి. వేసవంతా దుమ్ము కప్పుకుని ఉంటాయి, మొదటి గట్టి వాన పైమట్టిని కడిగేస్తే ఎండలో తళుక్కుమంటాయి. అందుకే మే ఆఖరు నుంచి జూన్, జూలైల్లో జొన్నగిరి, పగిడిరాయి, మద్దికెర చేలల్లో జనం తల వంచుకుని నడుస్తా ఉంటారు, ఎక్కడెక్కడి నుంచో వచ్చి గుడుల దగ్గర, చెట్ల కింద వంట చేసుకుంటా. మీ ఆయన ఒక్కడే కాదు.

అయితే పేపర్లో పడేది దొరికినోళ్ళ సంగతే. వారాల తరబడి తిరిగి ఉత్తచేతుల్తో పోయినోళ్ళ గురించి ఎవరు రాస్తారు? కాబట్టి దీన్ని సంపాదన అనుకుంటే మునిగిపోతారు, సరదా అనుకుంటే ఫరవాలేదు, ఈ తేడా మీ ఆయనతో కూర్చుని తేల్చుకోవాల్సింది మీరే. నా లెక్క చెప్తా. షాపు ఎన్ని రోజులు మూస్తాడో ముందే మాట్లాడుకోండి, ఆ రోజులకి ఖర్చు పెట్టే డబ్బు ఇంత అని పక్కన పెట్టండి, దాని మీద ఒక్క రూపాయి కూడా అప్పు తేవద్దు. "ఈసారి దొరుకుతాది, తీర్చేస్తా" అన్న మాట వినబడిన రోజు మాత్రం మీరు గట్టిగా నిలబడాలి, అక్కడ మెత్తబడితే సరదా కాస్తా వ్యసనమైపోతుంది.

ఇంకో సంగతి, ఇది మీ ఆయనకి చదివి వినిపించండి. తొలకరి అంటే రైతు విత్తనం వేసే అదను. శెనక్కాయ, పత్తి అప్పుడే వేసుంటారు, ఆ సాళ్ళల్లో వందమంది నడిస్తే మొలక నలిగిపోతుంది. ఆ రైతు ఏడాది బతుకు అది. అడిగి దిగాలి, వద్దంటే గట్టు మీది నుంచే తిరిగి రావాలి, అంతే, దీంట్లో నేను వేరే మాట చెప్పను. మెరిసిందల్లా వజ్రం కాదు, ఆ చేలనిండా పలుగురాళ్ళే. వజ్రం అయితే పలుగురాయిని గీకుతుంది, పలుగురాయి వజ్రాన్ని గీకలేదు, కానీ ఇంట్లో సుత్తితో కొట్టి పరీక్ష చేయొద్దు, వజ్రం గట్టిదే గానీ దెబ్బకి పగులుతుంది. నిజంగా అనుమానం ఉంటే టెస్టర్ ఉన్న నగల షాపుకి తీసుకుపోండి, చేను దగ్గరికే వచ్చి చీకట్లో బేరమాడేవాడికి చేతిలో పెట్టొద్దు.

మీ పెద్దోడి గురించి. బడి ఉన్న రోజు వద్దు. ఆదివారం మాత్రం మీరు కూడా పోండి, నలుగురూ కలిసి. ఆ దారిలోనే గుత్తికి దగ్గర్లో ఎర్రగుడి ఉంది, అక్కడ గుండ్ల మీద అశోకుడి శాసనాలు ఉన్నాయి, క్రీస్తు పూర్వం మూడో శతాబ్దంవి, బ్రాహ్మీ లిపి, పద్నాలుగు పెద్ద శాసనాలతో పాటు చిన్నవి కూడా. చిన్న శాసనంలో కొన్ని వరసలు ఎడమ నుంచి కుడికి, కొన్ని కుడి నుంచి ఎడమకి చెక్కినారు, పిల్లోడికి చూపిస్తే కళ్ళు పెద్దవి చేసుకుని చూస్తాడు. దాంట్లో ఏముందో తెలుసా, అమ్మానాన్నల మాట వినండి, ప్రాణుల మీద దయ ఉంచండి, నిజం చెప్పండి అని. జొన్నగిరినే అశోకుడి కాలం నాటి సువర్ణగిరి పట్నం అని చాలామంది చరిత్రకారులు అంటారు. రాళ్ళ మీద పిల్లోడికి ఇష్టం పుట్టింది కదా, దాన్ని చంపొద్దు, ఏ రాయి ఎట్లా పుట్టిందో చదివే వైపు తిప్పండి. కర్నూలు నుంచి బేలం గుహలు కూడా ఒక పూట ప్రయాణమే, మూడు కిలోమీటర్లకి పైగా పొడుగు, సున్నపురాయిని నీళ్ళు కరిగించి చేసినవి. నాయనతో కలిసి అట్లాంటివి చూసిన పిల్లోడు రేపు జియాలజీ చదవడని ఎవరన్నారు?

ప్రశ్న: నమస్తే అక్కా, నాకు యాభై రెండు, అనంతపురం. మా అత్తకి ఎనభై దాటినాయి, ఆమె చేతి వంట ఎవ్వరికీ రాదు. ఆమె ఉండగానే అన్నీ ఒక నోట్‌బుక్‌లో రాసిపెట్టాలని ఉంది. మా పిల్లోళ్ళు "యూట్యూబ్‌లో అన్నీ ఉన్నాయి కదమ్మా, ఎందుకు టైమ్ వేస్ట్" అంటాండారు. మా అత్తేమో "కొలతలేముంటాయి, కంటికి తెలుస్తాది" అంటాది. ఎట్లా రాయాలి?

జవాబు: రాయండి. ఈ ఉత్తరం చదివి నాకు ఎంత సంతోషమేసిందో. యూట్యూబ్‌లో రాగి సంగటి ఉంటుంది, మీ అత్త సంగటి ఉండదు. 

పద్ధతి చెప్తా. ఆమెని కూర్చోబెట్టి ప్రశ్నలు అడిగితే ఏమీ రాదు, ఆమె వండేటప్పుడు పక్కన నిలబడండి. పిడికిట్లో తీసుకున్న ఉప్పుని గిన్నెలో వేసే ముందు ఒక ప్లేట్‌లో వేయించుకుని స్పూన్‌తో కొలవండి, నీళ్ళు పోసే చెంబు ఎన్ని గ్లాసులు పడుతుందో ముందే చూసిపెట్టుకోండి. "కంటికి తెలుస్తాది" అన్నప్పుడు వెంటనే అడగాలి, కంటికి ఏం తెలిసింది అత్తా, రంగు మారిందా, వాసన వచ్చిందా, బుడగలు తగ్గినాయా అని. ఆ జవాబే అసలు వంట. సంగటి సంగతే చూడండి, గ్లాసు బియ్యానికి గ్లాసు రాగిపిండి, నాలుగైదు గ్లాసుల నీళ్ళు అని ఎవరైనా చెప్తారు. కానీ అన్నం మెత్తగా ఉడికినాక నీళ్ళు ఇంకా తేలుతుండగానే పిండి కుప్పగా పోయాలని, పోసిన వెంటనే కలపకూడదని, కట్టెతో మధ్యలో బొక్క చేసి మూతపెట్టి సన్నసెగన మగ్గనివ్వాలని, పిండి పచ్చివాసన పోయినాకే దించి కాళ్ళతో గిన్నెని పట్టుకుని గెలకాలని, ఉండ చేసేటప్పుడు చెయ్యి తడి చేసుకోవాలని, ఇవన్నీ రాస్తేనే కదా మీ మనవరాలు చేసుకోగలిగేది.

మా కడప వైపు వంటకీ మీ అనంతపురం వంటకీ తేడా ఉంది, కాబట్టి మీ ఇంటి ఊరిమిండి పచ్చడిలో వెల్లుల్లి ఎంత, శెనక్కాయలు ఏ రంగు వచ్చేదాకా వేయించాలి, చింతపండు వేస్తారా లేదా అన్నది కూడా రాయండి. ఓళిగల పూర్ణం గట్టిపడిందని ఎట్లా తెలుసుకుంటారు? ఉగ్గానికి బొరుగులు నీళ్ళల్లో ఎంతసేపు? పండగ వంట, జ్వరం వచ్చినోళ్ళ వంట, బాలింతకి పెట్టే వంట వేరేవేరేగా రాసుకోండి, ఆ చివరి రెండూ ఎక్కడా దొరకవు. ఫోన్‌లో ఆమె గొంతు కూడా రికార్డ్ చేయండి, పిల్లోళ్ళు ఎందుకు అన్నా సరే. ఆ పని వాళ్ళకే అప్పజెప్పండి, ఫోన్ పట్టుకునే పనే కదా, వాళ్ళకి బాగా వచ్చు. 

ఒక్క మాట, ఆ నోట్‌బుక్ మొదటి పేజీలో మీ అత్త పేరు, ఆమె పుట్టిన ఊరు, ఆమెకి ఎవరు నేర్పినారో రాయండి.

ప్రశ్న: అక్కా నేను తొమ్మిదో తరగతి, కడప జిల్లా. నాకు క్రికెట్ అంటే ప్రాణం. స్కూల్లో అబ్బాయిలతో ఆడితే వాళ్ళే నన్ను మొదట తీసుకుంటారు, బౌలింగ్ బాగా వేస్తానని. ఇంట్లో మా అవ్వ ఒప్పుకోదు, ఎండకి నల్లబడతావు, ఎవరు చేసుకుంటారు అంటాది. నాయన ఏమీ మాట్లాడడు. ఏం చేయాలి?

జవాబు: నీ ఉత్తరం నాయనకే చూపించు, ఈ జవాబు కూడా. ఆయన కోసమే రాస్తాండా.

2025 నవంబర్ 2న నవీ ముంబైలో మన ఆడపిల్లలు సౌతాఫ్రికాని 52 పరుగుల తేడాతో ఓడించి వరల్డ్ కప్ గెలిచినారు. ఆ టీమ్‌లో ఎడమచేతి స్పిన్ వేసిన శ్రీచరణి ఎవరనుకున్నారు, మన కడప జిల్లా పిల్లే. మహానగరంలో పుట్టలేదు, మన ఎండల్లోనే పెరిగింది. అన్నా, మీరు మాట్లాడకుండా ఉంటే పాప దాన్ని వద్దు అనే అర్థం చేసుకుంటుంది. సరే అని ఒక్క మాట అనండి, అవ్వకి మీరు చెప్పుకోండి, అది పాప మీద వేయొద్దు.

ఇప్పుడు నీకు. స్కూల్ పీఈటీ సార్‌ని గానీ మేడమ్‌ని గానీ అడుగు, స్కూల్ గేమ్స్ సెలెక్షన్లు ఎప్పుడో వాళ్ళకి తెలుస్తుంది. జిల్లా క్రికెట్ అసోసియేషన్ అమ్మాయిలకి వయసుల వారీగా టీమ్‌లు ఎంపిక చేస్తుంది, దానికి పుట్టిన తేదీ సర్టిఫికెట్, ఆధార్, స్కూల్ స్టడీ సర్టిఫికెట్ రెడీగా పెట్టుకో, చాలామంది పిల్లలు కాగితాల దగ్గరే ఆగిపోతారు. బౌలింగ్ వేసుకునే నెట్ లేకపోతే గోడకి ఒక గీత గీసి రోజూ అదే చోట బాల్ పడేట్టు వెయ్యి, స్పిన్నర్‌కి అంతకంటే మంచి ప్రాక్టీస్ లేదు. మధ్యాహ్నం ఎండలో వద్దు, పొద్దున్నే, లేకపోతే ఐదు తర్వాత. అన్నంతో పాటు గుడ్డు, పప్పు, శెనక్కాయలు బాగా తిను. హోమ్‌వర్క్ ముందే చేసేసుకో, అప్పుడు అవ్వ దగ్గర ఒక మాట తగ్గుతుంది. అవ్వని ఎదిరించి మాట్లాడొద్దు, ఆమెని ఒకసారి గ్రౌండ్‌కి తీసుకుపో, నువ్వు వికెట్ తీయడం ఆమె కళ్ళతో చూడనీ.

ప్రశ్న: మేడమ్, నేను హిందూపురం దగ్గర టీచర్‌గా చేసి రిటైర్ అయినాను. ఈ మధ్య పక్షుల్ని చూడటం మీద బాగా ఆసక్తి పెరిగింది. మా ఇంటావిడ మాత్రం "ఈ వయసులో చెరువు గట్ల మీద తిరుగుళ్ళేమిటి" అంటుంది. బైనాక్యులర్ ఏది కొనాలి, మన వైపు చూడదగ్గవి ఏమున్నాయి?

జవాబు: సార్, మీరు ఉండే చోటే అదృష్టం. చిలమత్తూరు మండలం వీరాపురం మీకు దగ్గరే, ఏటా చలికాలం చివర్లో ఎర్రకాళ్ళ కొంగలు వందల కొద్దీ వచ్చి ఊళ్ళో చింతచెట్ల మీదే గూళ్ళు కట్టుకుని పిల్లల్ని పెంచుకుని వానాకాలంలో పోతాయి. ఊరివాళ్ళు వాటిని తమ ఇంటి ఆడపడుచుల్లా చూసుకుంటారు. అక్కడికి మేడమ్‌ని తీసుకుపోండి, బైనాక్యులర్ కూడా అక్కర్లేదు, ఇళ్ళ మధ్య నిలబడి తల ఎత్తితే చాలు.

బైనాక్యులర్ అయితే 8x42 తీసుకోండి. 8 అంటే ఎనిమిది రెట్లు దగ్గరగా కనిపిస్తుంది, 42 అంటే ముందు అద్దం వెడల్పు మిల్లీమీటర్లలో, అది పెద్దదైతే తెల్లవారు వెలుతురులో కూడా బాగా కనిపిస్తుంది. 10 రెట్లు, 12 రెట్లు అని షాపులో చెప్తారు, చెయ్యి కొంచెం వణికినా బొమ్మ ఊగిపోతుంది, వద్దు. మెర్లిన్ అని ఫ్రీ యాప్ ఉంది, అరుపు వింటే పేరు చెప్తుంది, అయితే అది చెప్పిందే వేదం అనుకోకుండా మీ కంటితో సరిచూసుకోండి. సూర్యోదయం అయిన రెండు గంటల లోపే పక్షులు బాగా కదులుతాయి, అక్టోబర్ నుంచి ఫిబ్రవరి దాకా వలస పక్షులు కూడా మన చెరువులకి వస్తాయి. మొదట మీ వీధిలోవే రాసుకోండి, పాలపిట్ట, పికిలిపిట్ట, తీతువు, లకుముకి, ఇవి బాగా వచ్చినాక మిగతావి.

మా కడప పక్షి గురించి చెప్పకుండా ఉండలేను. కలివికోడి. 1848 ప్రాంతంలో జెర్డాన్ అనే దొర ద్వారా అది మొదట లోకానికి తెలిసింది, 1900 తర్వాత ఎవ్వరికీ కనిపించలేదు, ఇంక లేదనే అనుకున్నారు. 1986లో సిద్ధవటం దగ్గర రెడ్డిపల్లె అడవిలో ఒక స్థానిక వేటగాడు రాత్రి టార్చి వెలుగులో దాన్ని పట్టుకొచ్చినాడు, ప్రపంచమంతా ఆశ్చర్యపోయింది. ఆ తర్వాతే లంకమల అభయారణ్యం వచ్చింది, తెలుగుగంగ కాలువ దారి కూడా దాని కోసం మార్చినారు. పెద్ద పెద్ద శాస్త్రవేత్తలకి దొరకని పక్షి ఆ కంపచెట్లలో పుట్టి పెరిగిన మనిషికి దొరికింది. ఆ తర్వాత మళ్ళీ చాలా ఏళ్ళు దాని జాడ గట్టిగా దొరకలేదు, అది తలుచుకుంటే మనసు కలుక్కుమంటుంది. మీలాంటి వాళ్ళు రోజూ చూసి తేదీతో సహా రాసిపెట్టే నోట్లు అందుకే కావాలి సార్. మేడమ్‌తో అదే చెప్పండి. చెరువు గట్టుకి ఒంటరిగా మాత్రం పోవద్దు, ఆమె భయం కూడా న్యాయమే, ఫోన్, నీళ్ళు, బూట్లు తప్పనిసరి.

ప్రశ్న: అక్కా కర్నూల్లో అద్దె ఇల్లు మాది, మిద్దె మీద కూరగాయలు పెంచాలని ఉంది, ఏప్రిల్ వస్తే అన్నీ మాడిపోతాయి. ఓనర్ అంకుల్ కూడా మిద్దె కారుతుందని భయపెడుతున్నారు.

జవాబు: ఓనర్ మాటలో తప్పు లేదమ్మా. తడిసిన మట్టి లీటరుకి కిలోన్నర పైనే ఉంటుంది, ఇరవై లీటర్ల సంచి అంటే ముప్పై కిలోలు. అందుకని మట్టి మూడోవంతు, కొబ్బరిపొట్టు, పశువుల ఎరువు మిగతాది కలుపుకో, సంచులు గోడల వెంబడి పెట్టు, మధ్యలో వద్దు. కింద ఇటుకలు పెట్టి ఎత్తు మీద ఉంచితే నీళ్ళు నిలవవు, మిద్దె ఆరుతుంది. ఎండాకాలం మన దగ్గర 43, 44 డిగ్రీలు మామూలే, సగం ఎండ ఆపే గ్రీన్ నెట్ కట్టాల్సిందే, సంచుల మీద ఎండుటాకులు పరిచి పొద్దున్నే నీళ్ళు పోయి. టమాటాల మీద ఆశ ఏప్రిల్‌లో వదిలేసుకో, గోంగూర, బచ్చలి, తోటకూర అయితే తట్టుకుంటాయి. మొక్కలకి పేనుబంక పడితే లీటరు నీళ్ళకి అయిదు మిల్లీలీటర్ల వేపనూనె, రెండు చుక్కల సబ్బునీళ్ళు, సాయంత్రం పూట. మొదటి గోంగూర కట్ట ఓనర్ ఆంటీకి ఇచ్చిరా.

ప్రశ్న: పెళ్ళై ఏడాది, ప్రొద్దుటూరు. మా ఆయన షాపు నుంచి రాగానే రీల్స్, పడుకునేదాకా రీల్స్. నేను మాట్లాడితే "ఇదే నా రిలాక్స్" అంటాడు.

జవాబు: రోజంతా కస్టమర్లతో మాట్లాడి వచ్చిన మనిషికి కాసేపు మౌనం కావాలి, అది ఒప్పుకుందాం. అరగంట వదిలేయండి. ఆ తర్వాత అన్నం తినేటప్పుడు రెండు ఫోన్లూ పక్క రూమ్‌లో పెట్టాలి, మీది కూడా. దాంతో పాటు వారానికి ఒక సాయంత్రం మీకు ఏది ఇష్టమో దానికి ఇద్దరూ కలిసి పోవాలని అడగండి, అడగకుండా అలిగి కూర్చుంటే ఆయనకి అర్థం కాదు. మీరు మీకేది ఇష్టమో ఉత్తరంలో ఒక్క ముక్క రాయలేదు చూడండి, ముందు అది మీరు తేల్చుకోండి.

ప్రశ్న: అక్కా, మా మామ ఊరి నుంచి వచ్చి కడపలో మా దగ్గరే ఉంటున్నారు. అత్త పోయినాక ఎవరితోనూ మాట్లాడరు. వేమన పద్యాలు వందల కొద్దీ నోటికి వచ్చు ఆయనకి. టీవీ చూడరు. నాకు ఉద్యోగం, ఆయన పగలంతా ఒక్కరే. ఏం చేస్తే బాగుంటుంది?

జవాబు: మామని గురించి ఇంత ఆలోచించే కోడలు ఉండటం ఆయన అదృష్టం. మీరు కడపలో ఉండి ఇది అడుగుతున్నారు, దారి మీ ఊళ్ళోనే ఉంది. ఎర్రముక్కపల్లెలో సీపీ బ్రౌన్ గ్రంథాలయం ఉంది కదా, బ్రౌన్ బంగ్లా ఉన్న స్థలంలోనే కట్టింది, జానమద్ది హనుమచ్ఛాస్త్రిగారు ఇల్లిల్లూ తిరిగినంత పని చేసి నిలబెట్టినది. 1820లో ఇరవై ఒక్క ఏళ్ళ కుర్రాడిగా బ్రౌన్ కడపకి ఉద్యోగానికి వచ్చినాడు, వేమన పద్యాలు పోగుచేసి 1829లో అచ్చు వేయించినాడు, సొంత డబ్బుతో పండితుల్ని పెట్టుకుని తాళపత్రాలు సరిచేయించినాడు. ఈ కథ మామకి చెప్పండి, ఆయన నోట్లో ఉన్న పద్యాలకీ ఆ చోటుకీ ఉన్న సంబంధం ఆయనకి మీకంటే నాకంటే ఎక్కువ తెలుస్తుంది.

మొదటిసారి మీరే తీసుకుపోండి, సెలవు పెట్టి అయినా సరే, పోయేముందు తెరిచి ఉండే వేళలు కనుక్కోండి. ఒక్కరే పోయిరమ్మంటే పోరు. అక్కడ కూర్చునే నలుగురు పెద్దవాళ్ళతో పరిచయం అయితే రెండోసారి ఆయనే చెప్పులు వేసుకుంటారు. ఆటో అతన్ని ఒకర్ని మాట్లాడి పెట్టండి, ఎండ ముదరకముందే పోయి పన్నెండుకల్లా ఇంటికొచ్చేట్టు. కళ్ళద్దాలు చూపించి ఎన్నాళ్ళైందో అది కూడా కనుక్కోండి, చాలామంది పెద్దోళ్ళు చదవడం మానేసేది ఆసక్తి పోయి కాదు, అక్షరం కనబడక. ఇంకా, సాయంత్రం మీ పిల్లలకి రోజుకొక పద్యం ఆయన చెప్పాలి, పిల్లలు రాసుకోవాలి. మీ ఇంట్లో ఉన్న పద్యానికీ పుస్తకంలో ఉన్న దానికీ ఒక్కోసారి తేడా ఉంటుంది, ఆ తేడా వచ్చిన పద్యాలు నాకు పంపండి, వచ్చే నెల ఇక్కడే వేస్తాను.